సూర్యుడు పేల్చిన మైన్లు, గాలి చూపించిన ఓడలు

(నౌకాదళంలో రాడార్ ప్లాటర్‌గా పనిచేసి, రిటైరై విశాఖలో స్థిరపడిన మా కాలమిస్టు పాఠకులకు ఇస్తున్న జవాబులు. ఈ నెల అంశం: వాతావరణం, అంతరిక్షం యుద్ధనౌకల యంత్రాలను ఎలా ఏమారుస్తాయి, నేవీలు వాటిని ఎందుకు పరిశోధిస్తాయి.)

ప్రశ్న: వియత్నాం యుద్ధంలో అమెరికా నేవీ పరిచిన మైన్లను సూర్యుడు పేల్చేశాడని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా సార్? వాట్సాప్ కథలా ఉంది.
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ లెక్చరర్ గారు చెప్పింది నిజమే. ఈ నెల ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, మిగతావారు ఏమీ అనుకోకండి.

1972 మే 8న అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర వియత్నాం రేవులను మైన్లతో మూసేయమన్నాడు. ‘కోరల్ సీ’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు హైఫాంగ్ రేవు ముంగిట మొదటి విడత మైన్లు జారవిడిచాయి. తర్వాత నెలల్లో తీరం పొడవునా ఇంకా చాలా పడ్డాయి. వాటిలో ‘డిస్ట్రక్టర్’ అనే రకం ఎక్కువ. మామూలు విమాన బాంబుకే అయస్కాంత సెన్సర్ బిగిస్తే అదే డిస్ట్రక్టర్. ఉక్కు ఓడ పైనుంచి వెళ్తే అక్కడి భూ అయస్కాంత క్షేత్రం కొంచెం మారుతుంది. ఆ మార్పు కనిపెట్టి పేలడమే దాని పని.

ఆగస్టు 4న హోన్ లా అనే చోట సముద్రం మీద ఎగురుతున్న అమెరికన్ నేవీ విమానాల వాళ్లు చూస్తుండగా అర నిమిషంలో 20, 25 మైన్లు వరసగా పేలాయి. ఆ చుట్టుపక్కల మరో పాతిక ముప్ఫై చోట్ల నీళ్లు బురద బురదగా ఉన్నాయి, అంటే అక్కడా కాసేపటి కిందటే ఏవో పేలాయన్నమాట. కింద ఒక్క ఓడ కూడా లేదు. వాటంతటవే నిర్వీర్యమయ్యే గడువుకు ఇంకా చాలా టైముంది.

ఆ వారం సూర్యుడి మీద పెద్ద మచ్చల గుంపు ఒకటి వరసగా విస్ఫోటనాలు చేస్తోంది. సూర్యుడి నుంచి విడివడిన పదార్థం భూమిని చేరడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆగస్టు 4న వచ్చింది 14.6 గంటల్లో చేరింది. ఈ రికార్డు ఇంకా దాని పేరునే ఉంది. ఆ తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా అల్లాడింది. క్షేత్రం మారింది ఓడ వల్లో సూర్యుడి వల్లో తేల్చుకునే తెలివి మైనుకు లేదు. దాన్ని తయారుచేసినవాళ్లు ఆ ప్రశ్న దానికి నేర్పలేదు.

విచారణకు బయల్దేరిన నేవీ బృందం కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో సూర్యుణ్ణి గమనించే శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లింది. సౌర తుపానే కారణమయ్యే అవకాశం చాలా ఎక్కువని తేలింది. ఆ తర్వాత అయస్కాంతాన్ని మాత్రమే నమ్ముకోకుండా, ఓడ నడకకు పుట్టే కంపనాన్ని కూడా చూసుకునే మైన్లను త్వరపెట్టారు. ఈ సంగతంతా చాలాకాలం రహస్యపు ఫైళ్లలో ఉండిపోయింది. 2018లో ఒక శాస్త్ర పత్రిక వ్యాసం వల్లనే మీ లెక్చరర్ గారి దాకా, నా దాకా వచ్చింది. ఇంకో మాట. ఆ ఏడాది ఏప్రిల్‌లో అపోలో 16 చంద్రుడి మీదికి వెళ్లొచ్చింది, డిసెంబరులో అపోలో 17 వెళ్లింది. ఆగస్టులో ఎవరూ దారిలో లేకపోవడం ఆ వ్యోమగాముల అదృష్టం.

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది మరబోటు. మార్చి, ఏప్రిల్ నెలల్లో సాయంత్రం పూట మా వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టులో అటు పారాదీప్, ఇటు తమిళనాడు బోట్ల వాళ్ల మాటలు పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి. వానాకాలంలో దగ్గరోళ్లే సరిగ్గా దొరకరు. సెట్టు పాడైందా? రాడార్‌లో కూడా అప్పుడప్పుడు లేని బోట్లు కనిపిస్తాయి.
– భీమిలి నుంచి ఒక యువకుడు

జవాబు: సెట్టు బాగానే ఉంది నాయనా, మార్చకు. ఆ డబ్బులు వలకు పెట్టు.

వేసవిలో నేల మీది పొడి వేడిగాలి సముద్రం మీదికి జారి, నీళ్లనంటుకున్న చల్లటి తేమగాలి పైన కూర్చుంటుంది. పైకి వెళ్లేకొద్దీ తేమ ఠక్కున తగ్గిపోవడం వల్ల రేడియో తరంగాలు కిందికి వంగుతాయి. ఆ వంపు భూమి గుండ్రానికన్నా ఎక్కువైతే తరంగం పైకి పోలేక, గట్ల మధ్య కాలవ నీళ్లలా ఆ పొరలోనే సాగిపోతుంది. దీన్నే డక్ట్ అంటారు. మీ వీహెచ్‌ఎఫ్‌కు ఇలాంటి మందపాటి పొర కావాలి. వానాకాలం ఈదురుగాలి పొరలన్నీ కలిపేస్తుంది కనుక అప్పుడా సౌకర్యం పోతుంది.

రాడార్‌కు ఇంత హంగామా అక్కర్లేదు. వెచ్చటి సముద్రం నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి నీటిమట్టానికి పది, ఇరవై మీటర్ల దాకా ఒక పలుచటి డక్ట్ మన బంగాళాఖాతంలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మూడు సెంటీమీటర్ల తరంగం వాడే బోటు రాడార్ అందులో చక్కగా ఇమిడిపోతుంది. లెక్క ప్రకారం 20 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు 10 మీటర్ల ఎత్తున్న పడవ సుమారు 17 నాటికల్ మైళ్ల వరకే కనిపించాలి. డక్ట్ ఉన్న రోజు దానికి రెండింతల దూరంలోదీ కనిపించవచ్చు.

లేని బోట్ల సంగతి ఇక్కడే ఉంది. రాడార్ ఒక పల్స్, అంటే తరంగపు చిన్న ముక్క, వదిలి, దాని ప్రతిధ్వని కోసం కొంతసేపు చూసి, ఇంకో పల్స్ వదులుతుంది. డక్ట్ పుణ్యాన చాలా దూరపు కొండ నుంచి మొదటి పల్స్ తాలూకు ప్రతిధ్వని ఆలస్యంగా, రెండో పల్స్ వెళ్లాక వస్తుంది. యంత్రం దాన్ని రెండోదానికి కట్టబెట్టి, వంద మైళ్ల అవతలి కొండను పది మైళ్లలో బోటుగా చూపిస్తుంది. మా రోజుల్లో ఆపరేషన్స్ రూము చీకట్లో, అవతలికి కనిపించే పెర్‌స్పెక్స్ బోర్డు వెనక నిలబడి, ముందున్న ఆఫీసరుకు తిన్నగా కనిపించేలా అంకెలు తిరగేసి రాసేవాళ్లం. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండే మిడిల్ వాచ్‌లో ఇలాంటి చుక్క కనిపిస్తే సీనియర్లు చెప్పే మొదటి మాట, ‘పల్స్ రేటు మార్చి చూడు’. నిజం ఓడైతే అక్కడే ఉంటుంది. దొంగ చుక్కైతే చోటు మారుతుంది. మీ సెట్టులో రేంజి స్కేలు మార్చినప్పుడు చాలావాటిలో పల్స్ రేటు కూడా మారుతుంది, అలా పరీక్షించుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో బొంబాయిలో పెట్టిన 200 మెగాహెర్ట్జ్ రాడార్‌కు వెయ్యి మైళ్లకు పైగా దూరాన ఉన్న అరేబియా తీరం కనిపించింది. రాడార్ పుస్తకాల్లో ఇప్పటికీ ఈ ఉదాహరణ చెబుతారు. అది వినోదం. 1943 జూలైలో అలాస్కా పక్కన అల్యూషన్ దీవుల దగ్గర జరిగింది మాత్రం వినోదం కాదు. కిస్కా అనే దీవిలో జపాన్ సేన ఉంది. జూలై 26 రాత్రి అమెరికన్ యుద్ధనౌకలు ‘మిసిసిపీ’, ‘ఐడహో’, వాటితో ఉన్న క్రూయిజర్లు రాడార్‌లో ఏడు చుక్కలు చూసి, జపాన్ ఓడలే అనుకుని, చీకట్లో దాదాపు వెయ్యి భారీ గుళ్లు కురిపించాయి. తెల్లారి చూస్తే ఒక చెక్కముక్క కూడా తేలలేదు. దూరపు దీవుల కొండల ప్రతిధ్వనులని కొందరన్నారు, సముద్రపక్షుల పెద్ద గుంపులని తర్వాత కొందరన్నారు. ఖర్చయిన గుళ్లను, ఇంధనాన్ని నింపుకోవడానికి ఆ ఓడలు పక్కకు వెళ్లగా, 28న పొగమంచు చాటున జపాన్ తన ఐదు వేల పైచిలుకు సైనికులను కిస్కా నుంచి తరలించేసింది. ఆగస్టు 15న ముప్ఫై వేల మందికి పైగా సైన్యం దిగింది ఖాళీ దీవి మీద.

డక్ట్‌కు ఇంకో గుణముంది, నేవీలను నిద్రపోనివ్వనిది అదే. కింద పొరలో శక్తంతా ఇరుక్కుపోతే, దాని పైన రాడార్‌కు సరిగా ఆనని ఖాళీ ఏర్పడుతుంది. దూరపు ఓడ కనిపిస్తోందని మురిసిపోయే రోజునే దానికన్నా దగ్గరున్న విమానం కనిపించకపోవచ్చు. అందుకే అమెరికా నేవీ 2015లో అట్లాంటిక్ తీరాన, 2017లో కాలిఫోర్నియా తీరాన ‘కాస్పర్’ అనే పెద్ద ప్రయోగం చేయించింది. అలల మీది గాలిలో తేమ ఒక్కో మీటరుకూ ఎంత మారుతుందో, దానికి రేడియో తరంగం ఎంత వంగుతుందో ఒకేసారి కొలవడం దాని ఉద్దేశం. రెండోసారి ‘ఫ్లిప్’ను కూడా వాడారు. 108 మీటర్ల పొడవున్న ఈ తేలే ప్రయోగశాల, ఒక కొసలోకి నీళ్లు నింపితే సముద్రంలో నిట్టనిలువుగా నిలబడుతుంది. ఎక్కువ భాగం నీళ్లలో ఉంటుంది కనుక అలలకు ఊగదు. 1962 నాటి ఈ వింత ఓడను 2023లో పక్కనపెట్టేశారు. నాకు మాత్రం దాని మీద ఒక్క రాత్రైనా ఉండాలని ఉండేది.

ప్రశ్న: అలాస్కాలోని హార్ప్ కేంద్రం నుంచే హుద్‌హుద్‌ను మన మీదికి తోలారట కదా? దానికి డబ్బు పెట్టింది అమెరికా నేవీయే అంటున్నారు.
– అనకాపల్లి

జవాబు: నేవీ డబ్బు పెట్టింది నిజం. అమెరికా వైమానిక దళంతో, ఇతరులతో కలిసి పెట్టింది. 2015లో దాన్ని అలాస్కా విశ్వవిద్యాలయానికి అప్పగించేశారు. మిగతాది నిజం కాదు. ఆ కేంద్రంలోని 180 యాంటెన్నాలు పంపే తరంగాలు మేఘాలుండే పొరను వేడెక్కించకుండానే దాటిపోయి, దాదాపు 70 కిలోమీటర్లు, ఆపైన ఉండే అయనోస్పియర్ అనే విద్యుదావేశపు గాలి పొరను కాస్త వేడి చేస్తాయి. నేవీకి ఆసక్తి ఎందుకంటే, ధ్రువప్రాంతపు ఆకాశంలో ప్రవహించే కరెంటును అలా కదిపి, జలాంతర్గాములకు వినపడే అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు పుట్టించవచ్చేమోనని. ఆ కేంద్రం శక్తి 3.6 మెగావాట్లు. తుపాను మేఘాల్లో ఆవిరి నీరుగా మారేటప్పుడు వెలువడే శక్తి దానికి కోటి రెట్లకు పైమాటే. 2014 అక్టోబరు 12న నేను ఇంట్లోనే ఉన్నాను, తలుపులకు మంచాలు అడ్డం పెట్టుకుని. ఆ గాలికి కావలసిన శక్తి వెచ్చటి బంగాళాఖాతమే ఇచ్చింది, అలాస్కా అక్కర్లేదు.

ప్రశ్న: ఆఫీసుకు వెళ్తూ రోజూ పోటోమాక్ నది పక్కన నేవల్ రిసెర్చ్ లాబొరేటరీ భవనాలు చూస్తుంటాను. పైన పెద్ద డిష్ ఒకటి ఉంటుంది. లోపల ఏం చేస్తారండీ? అక్కడ ఉద్యోగం దొరుకుతుందా?
– మేరీలాండ్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రోజూ దాటుతున్నది ఈ శాస్త్రానికి పుట్టిల్లు. థామస్ ఎడిసన్ ఇచ్చిన సలహాతో 1923లో మొదలైంది. దానికి ముందే, 1922లో, అదే నది మీద వెళ్తున్న ఒక ఓడ రేడియో సంకేతాన్ని చెదరగొట్టడం టేలర్, యంగ్ అనే ఇద్దరు నేవీ రేడియో పరిశోధకులు గమనించారు. అమెరికాలో రాడార్ ఆలోచన అలా మొలకెత్తింది.

నాకు అక్కడ అందరికన్నా ఇష్టమైన మనిషి హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్. సూర్యుడి మీద జ్వాల లేచినప్పుడల్లా పగటిపూట షార్ట్‌వేవ్ రేడియో ఎందుకు మూగబోతుందన్నది అప్పటి నేవీ బాధ. 1949లో జర్మన్ల నుంచి పట్టుకొచ్చిన వీ-2 రాకెట్‌లో పరికరం పెట్టి సూర్యుడి ఎక్స్-కిరణాలను పసిగట్టాడు. కానీ జ్వాల ఎప్పుడు లేస్తుందో ముందు తెలియదు, రాకెట్టేమో క్షణాల్లో పైకెళ్లి పడిపోతుంది. అందుకని 1956 జూలైలో కాలిఫోర్నియా తీరం అవతల ఓడ మీద నుంచి రోజూ ఒక బెలూన్ ఎగరేశారు. దానికి రాకెట్ వేలాడుతూ ఉంటుంది. జ్వాల లేచిందని కబురు రాగానే పైనున్న రాకెట్‌ను వెలిగించి అక్కడి నుంచి ఇంకా పైకి వదలాలి. సాయంత్రం దాకా జ్వాల రాకపోతే ఆ రోజు రాకెట్ దండగే. చివరికి ఒక జ్వాల దొరికింది, ఎక్స్-కిరణాలే దోషులని తేలింది. ఆ కిరణాలు అయనోస్పియర్ కింది పొరను దట్టంగా చేసి, మన తరంగాలను మింగేస్తాయి.

మనందరికీ తెలిసిన మరో రెండు: 1958 మార్చిలో ఎగిరి ఇప్పటికీ కక్ష్యలో తిరుగుతున్న ‘వాన్‌గార్డ్-1’ వాళ్లదే. 1971 డిసెంబరులో ఉపగ్రహంలోని పరికరంతో సూర్యుడి నుంచి పదార్థం ఊడిపోవడాన్ని మొదటిసారి చూసిందీ వాళ్లే. హోన్ లా మైన్లు పేలడానికి ఎనిమిది నెలల ముందు! ఉద్యోగం గురించి కూడా అడిగారు. అలాంటి కొలువులకు సాధారణంగా అమెరికా పౌరసత్వం ఉండాలి.

ప్రశ్న: సూర్యుడు రాడార్‌ను జామ్ చేయగలడా?
– నల్గొండ

జవాబు: చేశాడు కూడా. 1942 ఫిబ్రవరి చివర్లో బ్రిటన్‌లో చాలా చోట్ల సైన్యపు రాడార్లు గోలతో నిండిపోయాయి. అంతకు రెండు వారాల ముందే జర్మన్లు రాడార్లను జామ్ చేసి తమ యుద్ధనౌకలను ఇంగ్లిష్ చానల్ దాటించారు కనుక అందరూ వాళ్లనే అనుమానించారు. జె.ఎస్. హే అనే బ్రిటిష్ సైన్యపు శాస్త్రవేత్త, గోల వచ్చే దిక్కు సూర్యుడితో పాటే జరుగుతోందని కనిపెట్టాడు. యుద్ధం అయ్యేదాకా బయటికి చెప్పనివ్వలేదు. 1967 మే 23న ఇంకా ఘోరం తప్పిపోయింది. అలాస్కా, గ్రీన్‌లాండ్, బ్రిటన్‌లలో క్షిపణులను కనిపెట్టే మూడు అమెరికన్ రాడార్లూ ఒకేసారి గుడ్డివయ్యాయి. రష్యా పనే అనుకుని అణుబాంబర్లను సిద్ధం చేస్తుండగా, సూర్యుణ్ణి గమనించే వైమానిక దళ సిబ్బంది ‘ఇది సౌర జ్వాల’ అని సకాలంలో చెప్పారు. స్క్రీన్ మీద వింత కనిపిస్తే ముందు ఆకాశాన్ని అనుమానించి, తర్వాతే శత్రువును అనుమానించాలని నేను మొండిగా వాదించేది ఇందుకే.

ప్రశ్న: మా దామగుండం అడవిలో నేవీ రాడార్ స్టేషన్ కడుతున్నారు. సముద్రం లేని చోట నేవీకేం పని? రేడియేషన్ ప్రమాదమా? అడవి చెట్లు, మా గుడి, దానికి దారి ఏమవుతాయి?
– వికారాబాద్ జిల్లా రైతు

జవాబు: అది రాడార్ కాదండీ, రేడియో ట్రాన్స్‌మిటర్. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఇలాంటిది తమిళనాడు తిరునెల్వేలి దగ్గర ‘ఐఎన్ఎస్ కట్టబొమ్మన్’ పేరుతో 1990 నుంచి పనిచేస్తోంది.

మామూలు రేడియో తరంగం ఉప్పునీళ్లలో ఇట్టే చచ్చిపోతుంది. 18 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో అయితే కొన్ని మీటర్ల లోతు దాకా చొరబడుతుంది. జలాంతర్గామి పైకి తేలకుండా, నీటిమట్టానికి దగ్గరగా ఒక వైరు యాంటెన్నాను ఈడ్చుకుంటూ ఆదేశం వింటుంది. తిరిగి జవాబు చెప్పదు. ఒక్కో తరంగం పొడవు 16 కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి అంత ఎత్తు స్తంభాలు, అంత నేల కావాలి. తీరానికి దూరంగా ఉండటం వల్ల నష్టం లేదు, ఎందుకంటే ఈ తరంగం భూమికీ అయనోస్పియర్‌కూ మధ్య ఇరుక్కుని వేల కిలోమీటర్లు పోతుంది. ఆ పైకప్పు పగలు సుమారు 70 కిలోమీటర్లకు దిగుతుంది, రాత్రి 85, 90కి లేస్తుంది. సూర్యుడి మీద జ్వాల లేస్తే నిమిషాల్లో ఇంకా కిందికి జారుతుంది. నేవీ వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కట్టబొమ్మన్ సంకేతాన్నే దూరాన కూర్చుని వింటూ మన శాస్త్రవేత్తలు అయనోస్పియర్‌ను కొలుస్తారు కూడా.

ఈ తరంగాలు ఎక్స్-కిరణాల జాతివి కావు, కణాలను చీల్చవు. స్తంభాలకు మరీ దగ్గర క్షేత్రం బలంగా ఉంటుంది, కంచె అందుకే. చెట్ల సంగతి, దారి సంగతి, గుడి సంగతి వేరు. వాటికి రేడియో శాస్త్రం జవాబు చెప్పదు, మీరు ప్రభుత్వాన్నే అడగాలి, గట్టిగానే అడగాలి.

ప్రశ్న: సాయంత్రం ఏడు దాటాక బోటు జీపీఎస్ ఒక్కోసారి ఎగిరెగిరి పడుతోంది.
– కాకినాడ

జవాబు: పొద్దుగుంకాక భూ అయస్కాంత మధ్యరేఖ చుట్టుపక్కల అయనోస్పియర్‌లో పలచని బుడగలు పుట్టి పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చిన ఉపగ్రహ సంకేతం మిణుకుమిణుకుమంటుంది. మార్చి, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరు, అక్టోబరులోనూ, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలోనూ ఎక్కువ. మన తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ వీటిని చాలా ఏళ్లుగా చూస్తోంది. అమెరికా నేవీ పరిశోధకులు వీటిని ముందే చెప్పడానికి కంప్యూటర్ మోడళ్లు రాస్తున్నారు. మీరు చేయగలిగిందల్లా ఆ గంటల్లో రేవు ముఖంలోకి రావాల్సి వస్తే జీపీఎస్‌ను మాత్రమే నమ్మకుండా దిక్సూచి, లైట్‌హౌస్, లోతు చూసుకోవడం. అర్ధరాత్రి దాటాక చాలావరకు సర్దుకుంటుంది.

ప్రశ్న: మా ఊరి పక్కనుంచి ఎగిరిన ఆదిత్య ఎల్-1 నేవీకి పనికొస్తుందా?
– సూళ్లూరుపేట

జవాబు: దాని పని శాస్త్రం. అయినా సూర్యుడికి, భూమికి మధ్య, మన నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఎల్-1 అనే చోట కాపు కాస్తున్నది ఎవరికి పనికిరాదు? 2024 మే తుపానుకు లద్దాఖ్ హాన్లేలో ఆకాశం ఎర్రబడింది, మా డాబా మీది షార్ట్‌వేవ్ సెట్టులో రోజూ దొరికే స్టేషన్లు సగం దొరకలేదు. అలాంటివి అక్కడికి చేరాక మనల్ని తాకేందుకు మామూలుగా అరగంట, గంట పడుతుంది. 1972 ఆగస్టు నాటిది మళ్లీ వస్తే? 15 కోట్ల కిలోమీటర్లు 14.6 గంటల్లో అంటే సెకనుకు 2,850 కిలోమీటర్లు. అదే వేగంతో వస్తే ఎల్-1 నుంచి ఇక్కడికి తొమ్మిది నిమిషాలు. సూర్యుడి దగ్గర పదార్థం బయల్దేరడం కరోనాగ్రాఫ్‌లో, అంటే సూర్యబింబాన్ని కప్పేసి చుట్టుపక్కల ఏముందో చూపే పరికరంలో, చూస్తే మాత్రం కొన్ని గంటలు చేతిలో ఉంటాయి. ఆదిత్యలో అదీ ఉంది.